నూరో వంతు పనితనం

కామారెడ్డి, ఎల్లారెడ్డి రైసుమిల్లుల్లో మోటారు బిగించే ఫిట్టర్లకు షాఫ్టుల వరస తప్పితే ఏమవుతుందో తెలుసు: బేరింగు కాలుతుంది, కప్లింగు అరుగుతుంది. కాకపోతే మిల్లు పునాది కదలదు.

విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు లాంటి చోట ఆ భాగ్యం లేదు. నీళ్లలోకి దిగాక ఓడ కాస్త వంగుతుంది, ఎండకు డెక్కు సాగుతుంది. అందుకే ప్రొపెల్లర్ షాఫ్టు చివరి కొలతలు ఓడ తేలుతుండగా, ఎండెక్కకముందే తీయడం మేలు. టన్నుల బరువున్న ఇంజిన్‌ను జాకీ బోల్టులతో పిసరంత జరుపుతారు. డయల్ గేజీ ముల్లు చూస్తారు. ఫీలర్ గేజీ రేకు సందులో దూర్చి మిల్లీమీటరులో నూరో వంతుల తేడా పట్టేస్తారు. ఆపై ఇంజిన్ కాళ్ల కింద ఉక్కు దిమ్మలు అరగదీసి కూర్చుతారు, లేదా రెసిన్ పోసి గట్టిపడనిస్తారు.

సరిగ్గా కుదిరిన షాఫ్టు చప్పుడు చేయదు, మెచ్చుకోవడానికి ఎవరికి తెలుస్తుంది!

మిల్లు ఫిట్టరైనా, యార్డు ఫిట్టరైనా, కూలి కట్టేటప్పుడు ఆ నూరో వంతునూ లెక్కలో వేసుకోండి.