జ్యేష్ఠత్వము: జన్మక్రమమా, గృహక్రమమా?

ఉద్దనపల్లి ప్రాంతమున తెలుగు, కన్నడము, తమిళము ఒకే వీధిలో వినబడును. అన్న, అణ్ణ, అణ్ణన్ అను మూడు పిలుపులును ఒక్క వేరునుండి మొలచినవే. ఆంగ్లమున అన్నకును తమ్మునకును ఒకే మాట చాలును. ఇచ్చట వరుస తెలియనిదే తోబుట్టువును పిలువ వీలులేదు. ఆ పిలుపుతోడనే పెద్దరికమును, దాని బరువును బిడ్డకు సంక్రమించును. కావుననే పుట్టిన వరుస స్వభావమును నిర్ణయించునను వాదము మనవారికి విన్నంతనే సత్యమని తోచును.

ఈ వాదమునకు శాస్త్రగౌరవము కల్పించినవాడు వియన్నా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లరు (1870–1937). తమ్ముడు పుట్టగానే పెద్దబిడ్డ సింహాసనభ్రష్టుడైన రాజువంటివాడై పాతపద్ధతులను అంటిపెట్టుకొనుననియు, రెండవవాడు ముందువానిని మించ యత్నించుననియు, కడగొట్టువాడు గారాబమున పెరుగుననియు ఆయన మతము. ఆడ్లరు తానును రెండవ కుమారుడే యగుట గమనింపదగినది! వరుససంఖ్యకంటె ఆ స్థితిని బిడ్డ ఎట్లు గ్రహించెనను నదియే ముఖ్యమని ఆయన హెచ్చరించెను. అనుచరులు హెచ్చరికను విడిచి సంఖ్యను పట్టుకొనిరి. 2015లో జర్మనీ, బ్రిటన్, అమెరికాలకు చెందిన ఇరువదివేలమందికి పైగా వ్యక్తుల వివరములను పరిశీలించినపుడు, బుద్ధిపరీక్షలలో స్వల్పభేదము తప్ప స్వభావమున చెప్పదగిన భేదము కానరాలేదు.

హోసూరు చెంత తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ మూడవ కుమారుడు; 1948లో గవర్నరు జనరలైనాడు. గారాబపు కడగొట్టువాడను ముద్ర ఆయనకు అతకదు. ఐనను ఒక్కని చరిత్రతో సిద్ధాంతమును నిలుపనూరాదు, పడగొట్టనూరాదు. ఆయన తమిళమున తిరిగి చెప్పినదియు, మనకు కవిత్రయము తెనిగించినదియు నగు భారతకథలో ఇంతకంటె నిశితమైన పరీక్ష కలదు.

కుంతికి తొలిచూలు కర్ణుడు. ధర్మరాజు జన్మక్రమమున రెండవవాడు. కాని ఆ సంగతి యుద్ధము ముగిసి తర్పణములు విడుచు వేళవరకు అతడెరుగడు. ఎరుగకయే ఆజన్మము జ్యేష్ఠుడుగా జీవించెను. అతని ఓర్పు, ధర్మసంకోచము, తమ్ములపై అతని అధికారము అన్నియు పెద్దన్న లక్షణములే. జూదమున తమ్ములను పణముగా ఒడ్డగలిగినది ఆ అధికారమువలననే. జన్మక్రమమే ప్రమాణమైనచో అది కర్ణునిది. రెండవవానికి ఆడ్లరు చెప్పిన పరుగుపందెము ధర్మరాజునందు వెదకినను దొరకదు. ముందు నడచువాడు కంటబడనిచో ఎవరిని మించవలెను?

కర్ణుడో, సూతుని యింట రాధకు పెద్దకొడుకు. ఉద్యోగపర్వమున కృష్ణుడు జన్మరహస్యమును చెప్పి, జ్యేష్ఠునకు చెందు రాజ్యమును చూపినను అతడు కదలలేదు. పాలిచ్చి పెంచిన రాధకు పిండలోపము చేయజాలనని అతని సమాధానములలో ఒకటి. పెద్దకొడుకు పలుకవలసిన పలుకే అది. కాని పలికినది రాధకొరకు, కుంతికొరకు కాదు. అంతేకాదు, ఈ రహస్యము ధర్మరాజునకు తెలిసినచో అతడు రాజ్యము స్వీకరింపడు, తెలుపవలదని కోరెను. అన్న అను మాట చెవిని పడినంతనే ధర్మరాజు మారిపోవునని కర్ణుడు ఎరుగును. మనుష్యుని తీర్చునది ఇల్లు పిలిచిన వరుసయే యనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? కర్ణుని దానశీలమును పొగడు విమర్శకులు ఈ ఒక్క కోరికలోని సూక్ష్మదృష్టిని తగినంతగా పట్టించుకొనలేదు.

ఐనచో జన్మక్రమమునకు ఏ ఫలమును లేదా? కలదు, కాని అది కాలముద్వారా వచ్చును. కృష్ణగిరి జిల్లాలోనే దీనిని చూడవచ్చును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము 2006–07లో ఒకటవ తరగతితో ఆరంభమై, ఏటేట ఒక్కొక్క తరగతికి విస్తరించి, 2015–16లో పదవ తరగతిని చేరినది. మొదటి భాషాస్థానమున తమిళము నిర్బంధమై, మాతృభాష ఐచ్ఛికమైనది. పిదప న్యాయస్థానములు కొన్ని మినహాయింపుల నొసగినను, తొలివిభజన జరిగియే యుండెను. 2006లో రెండవ తరగతిలోనున్న అన్నకు ఆ నిర్బంధము లేదు. ఆ యేడే బడిలో చేరిన తమ్మునకు కలదు. ఒకే తల్లి, ఒకే వంటయిల్లు. అన్న తెలుగు పుస్తకమును తడవుకొనక చదువును, తమ్ముడు చదివించుకొని వినును. మనస్తత్త్వజ్ఞుడెవడైన ఆ ఇంటికి వచ్చినచో, పెద్దవాడు సంప్రదాయప్రియుడనియు, చిన్నవాడు నూతనమార్గగామి యనియు వ్రాసికొని, కారణముగా పుట్టిన వరుసను పేర్కొని పోవును. బడిలో చేరిన సంవత్సరమును అతడు అడుగడు.