విశ్రాంతిదినమును గూర్చి ఒక యూదు పండితుని గ్రంథము



మన ప్రసంగపీఠముల మీద యూదుల విశ్రాంతిదినమునకు మంచి పేరు లేదు. వెన్నులు త్రుంచిన శిష్యులను తప్పుపట్టిన పరిసయ్యులు, ఊచచెయ్యి గలవాడు బాగుపడగా ఓర్వలేనివారు, నడుము వంగిన స్త్రీ తిన్నగా నిలువగా కోపగించిన సమాజమందిరపు అధికారి, వీరే మనకు ఆ దినమునకు సాక్షులు. ఒక ఇంటిలోని జగడములను మాత్రము గోడ అవతల నుండి విని, ఆ ఇంట ప్రేమయే లేదని తీర్పు చెప్పినట్లున్నది మన తీరు. ఆ దినమును ప్రేమించి, అందులో దేవుని సన్నిధిని రుచి చూచిన యూదుడు ఏమి చెప్పునో ఒకసారి వినుట న్యాయము. అట్టివాడొకడు 1951వ సంవత్సరమున ఇంగ్లీషులో వ్రాసిన చిన్న పుస్తకమును గూర్చి ఈ నెల మీతో మాటలాడ గోరుచున్నాను. గ్రంథము పేరు "ద సబ్బత్". వ్రాసినవాడు అబ్రాహాము జాషువా హెషెల్.

ఈయన 1907లో పోలండు దేశపు వార్సా పట్టణములో భక్తిపరుల వంశమున జన్మించి, బెర్లినులో ఉన్నత విద్య నభ్యసించెను. 1938లో జర్మనీ ప్రభుత్వము ఆయనను దేశము నుండి వెళ్లగొట్టెను. 1939లో జర్మను సేనలు పోలండు మీద పడుటకు కొన్ని వారములు ముందుగా ఆయన వార్సా విడిచి లండను చేరి, 1940లో అమెరికాకు పోయెను. వెనుక నిలిచిన తల్లియు, తోబుట్టువులు కొందరును ఆ ఘోరకలిలో చనిపోయిరి. అరువది లక్షల యూదులు హతమైన ఆ కాలము గడచి సుమారు ఆరేండ్లకే ఈ పుస్తకము వెలువడినది. గుడులు కాలిపోయినవి, పట్టణములు పాడైనవి, జనము బూడిదయైనది. అట్టి దినములలో ఒక యూదుడు కూర్చుండి, శత్రువు కాల్చలేని గుడి యొకటి మాకున్నదని వ్రాయుచున్నాడు. ఆ గుడి రాళ్లతో కట్టినది కాదు, గంటలతో కట్టినది. శుక్రవారము సూర్యాస్తమయమున దాని తలుపు తెరవబడును, శనివారము చుక్కలు పొడిచినప్పుడు మూయబడును. ఈ సంగతి ఎరిగి చదివితిరా, ఆ నూరు చిల్లర పుటల బరువు మీకు తెలియును.

ఆయన వాదము చెప్పుటకు సుళువైనదే. ఆరు దినములు మనము వస్తువులతో పెనుగులాడుదుము. నేల, ఇల్లు, పశువు, ధాన్యము, ఇవన్నియు స్థలములో నుండునవి, ఒకనికి దక్కినది మరియొకనికి దక్కదు. కాలము అట్టిది కాదు. ఈ గడియ నీకును నాకును సమానముగా దొరకును, ఎవడును దానికి గట్టు వేయజాలడు. లేఖనములో దేవుడు మొట్టమొదట పరిశుద్ధపరచినది దేనిని? కొండను కాదు, బలిపీఠమును కాదు, ఒక దినమును. ఆదికాండము 2వ అధ్యాయము తీసి చూడుడి. నేనును ఆ అధ్యాయము మీద ఎన్నో ప్రసంగములు విన్నాను గాని, ఈ సంగతిని ఎత్తి చూపినవారు అరుదు.

ఇక ఆచారముల మాట. హెషెల్ వాటిని వివరించుటకంటె వాటి వెనుకనున్న మనస్సును చూపుటకే ఎక్కువ శ్రమపడెను. కావున ఎరుగనివారికి కొంత చెప్పవలెను. శుక్రవారము ప్రొద్దు క్రుంకకముందే ఇల్లాలు దీపములు వెలిగించి, చేతులతో కన్నులు మూసికొని దేవుని స్తుతించును. తలిదండ్రులు బిడ్డల తలల మీద చేతులుంచి దీవింతురు. ఇంటి యజమానుడు ద్రాక్షారసపు గిన్నె పట్టుకొని దినమును ప్రతిష్ఠించును. బల్ల మీద రొట్టెలు రెండుండును. ఎందుకు రెండు? అరణ్యములో ఆరవ దినమున మన్నా రెండంతలు కురిసెను గనుక. మరునాటి రాత్రి దినమును సాగనంపునప్పుడు సుగంధద్రవ్యములు వాసన చూతురు, పేనిన వత్తుల క్రొవ్వొత్తి వెలిగింతురు. పొయ్యి మీది కుండ మొదలు చంటిబిడ్డ వరకు ఇల్లంతయు ఆ దినమున పాలుపొందును.

చేయకూడని పనులు 39 అని మిష్నా అను వారి ప్రాచీన ధర్మగ్రంథము లెక్కించినది. మన బోధకులు ఈ సంఖ్య వినగానే నవ్వుదురు. నవ్వకముందు ఆ పట్టికను చదివిన బాగుండును. విత్తుట, దున్నుట, కోయుట, పన కట్టుట, నూర్చుట, తూర్పారబట్టుట, ఏరుట, విసరుట, జల్లించుట, పిసుకుట, కాల్చుట. మొదటి పదునొకండు పనులును గింజ రొట్టె యగు త్రోవయే! ఇది గదిలో కూర్చున్నవాని కల్పన కాదు, పొలమును పొయ్యిని ఎరిగినవారి మాట. విత్తుట ముందును దున్నుట తరువాతను ఉన్నదేమి అని మీలో రైతులు అడుగుదురు. తల్మూదు పండితులును అదే అడిగిరి. ఇశ్రాయేలు దేశమున విత్తిన పిమ్మట మరల దున్నుదురని జవాబు చెప్పిరి. మనవారు గింజ చల్లి గుంటక తోలుటలేదా? పట్టికలోని పనులన్నియు ప్రత్యక్షగుడారపు నిర్మాణమునకు కావలసినవని వారు చెప్పుదురు. నిర్గమకాండము 31లో గుడారపు పని ముగింపుననే విశ్రాంతిదినపు ఆజ్ఞ వచ్చుచున్నది గదా! దేవుని గుడారమును కట్టు పని సయితము ఆ దినమున ఆగవలెనని దాని భావము. గుడి కట్టుటలో మునిగి దేవుని మరచు సంఘపెద్దలకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

ప్రాణము పోవు స్థితిలో, పోవునేమోనను అనుమానము కలిగినను, దినమును మీరి ప్రాణము కాపాడవలెననియు మిష్నాయే చెప్పుచున్నది. దినము మనుష్యుని చేతికి అప్పగింపబడినదే గాని మనుష్యుడు దినమునకు అప్పగింపబడలేదను అర్థము గల మాట యూదుల ప్రాచీన వ్యాఖ్యానములలో కలదు. మార్కు 2వ అధ్యాయపు చివరి వచనములతో దీనిని పోల్చి చూడుడి. మన ప్రభువు వారితో వాదించినది వారి భాషలోనే.

పుస్తకములో నాకు అన్నిటికంటె ఉత్తమముగా తోచిన భాగము తల్మూదులోని ఒక కథకు ఆయన చేసిన వ్యాఖ్యానము. రోమీయులు వేసిన బాటలను, వంతెనలను, స్నానశాలలను ఒకడు పొగడగా, అవన్నియు తమ లాభము కొరకే చేసికొనిరని రబ్బీ షిమోను అనెను. ఆ మాట అధికారులకు చేరి మరణశిక్ష విధింపబడెను. తండ్రియు కుమారుడును ఒక గుహలో దాగిరి. త్రాగుటకు ఊట, తినుటకు ఖరూబు కాయలు. (తప్పిపోయిన కుమారుడు ఆశపడిన పొట్టు ఈ కాయలే యని పలువురు పండితుల తలంపు.) పండ్రెండేండ్లు ప్రార్థనలోను ధ్యానములోను గడపి బయటికి వచ్చి చూడగా, జనులు దున్నుచు విత్తుచున్నారు. నిత్యజీవమును విడిచి క్షణభంగురమైన బ్రదుకును పట్టుకొన్నారే యని వారు కోపముతో చూచిన చోటెల్ల కాలిపోయెను. అప్పుడు ఆకాశము నుండి శబ్దము: నా లోకమును పాడుచేయుటకా బయటికి వచ్చితిరి, మీ గుహకు మరలుడి! మరి పండ్రెండు నెలలు లోపల నుండిరి. రెండవ మారు వచ్చినప్పుడును కుమారుని చూపు గాయపరచుచుండగా తండ్రి చూపు మాన్పుచుండెను. శుక్రవారము సాయంకాలమున ఒక ముసలివాడు గొంజి కొమ్మల కట్టలు రెండు పట్టుకొని పరుగెత్తుచుండుట వారు చూచిరి. ఎందుకని అడిగిరి. విశ్రాంతిదినపు ఘనత కొరకనెను. ఒక కట్ట చాలదా? జ్ఞాపకముంచుకొనుమను ఆజ్ఞకు ఒకటి, ఆచరింపుమను ఆజ్ఞకు ఒకటి, అనెను. ఆ మాటతో వారి మనస్సు నెమ్మది పొందెను.

ఆలోచించుడి. భక్తి ముదిరి పొలము దున్నువానిని అసహ్యించుకొన్న ఇద్దరు మహాపండితులకు బుద్ధి చెప్పినది పేరులేని ఒక ముసలివాడు, వాని చేతిలోని ఆకుకొమ్మలు. లోకమా దేవుడా అను చిక్కుముడిని ఆయన వాదముతో విప్పలేదు, శుక్రవారము ఇంటికి వేళకు చేరుకొనుటతో విప్పెను. సీనాయి యొద్ద ఇశ్రాయేలీయుల జవాబులో చేయుదుమను మాట ముందును, విందుమను మాట వెనుకను ఉన్నదని (నిర్గమకాండము 24) వారి బోధకులు ఎంతో మురిసి చెప్పుకొందురు. మనము హృదయము వెచ్చబడిన తరువాత మోకాళ్లూనుదుము. వారు మోకాళ్లూని హృదయము వెచ్చబడుటకు కనిపెట్టుదురు. చలికాలపు తెల్లవారుజామున ప్రార్థనకు లేచువారికి ఇందులోని నిజము తెలియును.

ఇంత మెచ్చుకొన్న నేను అన్నిటిని ఒప్పుకొనలేదు. మొదటిది, స్థలమును ఆయన మిక్కిలి తక్కువ చేసెను. అబ్రాహామునకు దేవుడు వాగ్దానము చేసినది నేలను గదా! వాక్యము శరీరధారియై బేత్లెహేమను ఒక ఊరిలో, ఒక పశువుల తొట్టిలో పరుండెను గదా! 1967 యుద్ధము తరువాత హెషెలే 1969లో ఇశ్రాయేలు దేశమును గూర్చి ప్రత్యేకముగా మరియొక గ్రంథము వ్రాసెను. అందులో యెరూషలేము రాళ్లపై ఆయనకు గల ప్రేమ దాగలేదు. కావున మొదటి పుస్తకమును రెండవదానితో కలిపి తూచవలెను.

రెండవది నాకు ఇంకను బరువైనది. నిర్గమకాండములో ఈ ఆజ్ఞకు కారణము సృష్టి. ద్వితీయోపదేశకాండము 5లో కారణము ఐగుప్తు దాస్యము. నీవలె నీ దాసుడును, నీ దాసియును, నీ యెద్దును, నీ గాడిదయు విశ్రమింపవలెనని అక్కడ స్పష్టముగా నున్నది. ఈ రెండవ కారణమునకు హెషెల్ పుస్తకమున దొరికిన చోటు స్వల్పము. కాలమనెడి భవనము బహు సుందరముగా నున్నది, దాని గడప వరకు కూలివాడు ఎట్లు చేరునో తెలియదు. ఏ పూట కూలి ఆ పూట తినువానికి ఒక దినము మానుట భవనము కాదు, పస్తు. 1965లో సెల్మా పట్టణమున మార్టిన్ లూథర్ కింగ్ గారితో కలిసి నీగ్రో జనుల హక్కుల కొరకు నడచిన మనుష్యుడే ఈ గ్రంథకర్త. ఆయన కాళ్లకు తెలిసినది ఈ పుస్తకములోనికి నిండుగా రాలేదని నా ఫిర్యాదు. మరియు ఆ దినమును రాణి యనియు పెండ్లికుమార్తె యనియు వర్ణించు పుటలలో, శుక్రవారమంతయు వంటింట నలిగిన తల్లి చేతులు నాకు కానరాలేదు. మన ఇండ్లలో ఆదివారమున విశ్రాంతి లేని ప్రాణి ఎవరో, సహోదరులారా, మీకు తెలియనిది కాదు.

అయితే మనమును దీపములు వెలిగించి ఏడవ దినమును ఆచరింపవలెనా? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో మన తెలుగు కుటుంబములు కొన్ని, ఒకప్పుడు క్రైస్తవ సంఘములలో నున్నవే, తాము ఎఫ్రాయిము గోత్రికులమని చెప్పుకొని యూదాచారములను పాటించుచున్నవి. వారు దానిని తమ పూర్తి బ్రదుకుగా చేసికొనిరి; వారిని ఎగతాళి చేయు హక్కు మనకు లేదు. నాకు గిట్టనిది వేరొకటి. కొన్ని క్రైస్తవ కూటములలో ఇప్పుడు పొట్టేలు కొమ్ము ఊదుట, యూదుల ప్రార్థన శాలువ కప్పుకొనుట, ఏడు కొమ్మల దీపస్తంభము వేదిక మీద నిలుపుట చూచుచున్నాము. ఇతరుని ఇంటి పూజాసామగ్రిని తెచ్చి, ఆ ఇంటివాని క్రమశిక్షణను అక్కడనే వదలిపెట్టుట ఇది. పౌలు గలతీయులకును కొలొస్సయులకును వ్రాసిన మాటలు మన చేతిలోనే యున్నవి. దినములను ఆచరించుటను రక్షణకు షరతుగా ఎవరును మన మీద మోపరాదు. ఆ స్వాతంత్ర్యమును నేను ఒక వ్రేలి వెడల్పయినను వదలను. గాని అదే పౌలు రోమీయులకు వ్రాయుచు, దినమును లక్ష్యపెట్టువాడు ప్రభువు కొరకే లక్ష్యపెట్టుచున్నాడని ఒప్పుకొనెను. విశ్రమించుటకు స్వతంత్రులమైన మనము ఆ స్వాతంత్ర్యముతో ఏమి చేసితిమి? ఆదివారము ఆరాధన ముగియకముందే బయట అప్పు లెక్కలు ఆరంభమగును.

ఇంగ్లీషు వచ్చిన యౌవనులు ఈ పుస్తకమును సంపాదించి చదువవలెను. తొలి పుటలలోని తత్త్వము కష్టముగా తోచినచో ముందుగా గుహ కథను చదువుడి. చదివి, ఏదైన ఒక శనివారము రాత్రి, పొలము నుండి వచ్చిన మీ తండ్రులకు తెలుగులో చెప్పుడి. ఆ ముసలివాడు రెండు కట్టలు ఎందుకు పట్టుకొనెనని ముందు వారినే అడుగుడి.