గోదావరి డెల్టా చేపల మేత పరిభాష: ‘కొవ్వు’ పదంపై విమర్శనాత్మక పరిశీలన

సారాంశం: మేతలోని కొవ్వుకూ చేప పెరుగుదలకూ ఉన్న సంబంధాన్ని తెలుగులో చెప్పడానికి వాడుతున్న కొన్ని పదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాడుక భాషలో ముందే ఉన్న అర్థభేదాలను శాస్త్రానువాదం తగినంతగా వినియోగించుకోలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కొవ్వు, తవుడు, కనరు, పరిభాష, గోదావరి డెల్టా, చేపల సాగు.

1. ఉపోద్ఘాతం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా వరి పొలాల సీమగా స్థిరపడింది. 1980ల నాటి నుంచి కొల్లేరు పరిసరాలలో, ఉండి, ఆకివీడు, భీమవరం ప్రాంతాలలో ఆ పొలాలలో చాలా భాగం చేపల చెరువులుగా మారింది. సాగు మారినా వరితో అనుబంధం తెగలేదు. బొచ్చె, శీలావతి చేపలకు ప్రధానమైన మేత తవుడే. సాగు వ్యయంలో సగానికి పైగా మేతకే ఖర్చవుతుంది. అందువల్ల మేతను గురించి చెప్పే మాటలోని అస్పష్టత కేవలం భాషాసమస్య కాదు. అది రైతు ఆదాయానికి సంబంధించిన విషయం.

2. తవుడు నుంచి ‘డీఓబీ’కి

మిల్లు నుంచి వచ్చిన పచ్చి తవుడులో సుమారు 12 నుంచి 20 శాతం వరకు నూనె ఉంటుంది. ఆ నూనె వంటింటికి చేరుతుంది. నూనె తీసిన తవుడు చెరువుకు చేరుతుంది. అందులో మిగిలే నూనె దాదాపు ఒక శాతమే. రంధ్రాలు చేసిన సంచులలో నింపి, చెరువులో వరుసగా కట్టే మేత ఎక్కువగా ఇదే. దీనికి వ్యవహారంలో స్థిరపడిన పేరు ‘డీఓబీ’. ‘నూనె తీసిన తవుడు’ అనే పదబంధం జరిగిన మార్పును చెబుతుంది, ‘డీఓబీ’ దానిని మరుగుపరుస్తుంది. నూనెతోపాటు శక్తి కూడా తగ్గిందన్న సంగతి పేరులోనే వినిపించడం మానేసింది. అయితే ఈ మేతను నిష్ప్రయోజనమనడం న్యాయం కాదు. ఈ చేపలు పిండిపదార్థాలను బాగా వినియోగించుకోగలవు, చెరువులోని ప్లవకాల నుంచి కొన్ని అవసరమైన కొవ్వు ఆమ్లాలను కూడా పొందుతాయి. ఇక్కడ విమర్శ పదార్థంపై కాదు, పేరుపై.

3. ‘ముడి కొవ్వు’ అనువాదం

మేత విశ్లేషణలో కనిపించే ‘ముడి కొవ్వు’ మరొక సమస్య. ముడి సరుకు, ముడి చమురు వంటి ప్రయోగాలలో ‘ముడి’ అంటే శుద్ధి చేయనిది. ఆ అలవాటుతో చదివిన రైతుకు ‘ముడి కొవ్వు’ శుద్ధి చేయని నాసిరకం కొవ్వుగా తోచే ప్రమాదం ఉంది. నిజానికి అది ద్రావకంలో కరిగి వచ్చే కొవ్వు పదార్థాలన్నిటి మొత్తం. ‘మొత్తం కొవ్వు’ అన్నప్పుడు ఈ అపార్థం తొలగుతుంది. అప్పటికీ ఆ అంకె పరిమాణాన్ని చెబుతుందే గాని, కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత తాజాగా ఉందో చెప్పదు.

4. పెరగడం, కొవ్వు పట్టడం

ఒక గ్రాము మాంసకృత్తుల నుంచి సుమారు 4 కిలో కేలరీలు, ఒక గ్రాము కొవ్వు నుంచి సుమారు 9 కిలో కేలరీలు లభిస్తాయి. మేతలో తగినంత కొవ్వు ఉంటే చేప శక్తి కోసం మాంసకృత్తులను ఖర్చు చేయవలసిన అవసరం తగ్గుతుంది. అవి కండ పెరగడానికి మిగులుతాయి. కణపొరల నిర్మాణానికి, పిల్లల మెదడు, కళ్ళ వికాసానికి, తల్లి చేపల గుడ్ల నాణ్యతకు కూడా కొవ్వు ఆమ్లాలు అవసరం. పరిమితి మించితే ఫలితం తిరగబడుతుంది. శక్తి అవసరం త్వరగా తీరడంతో చేప మేత తగ్గిస్తుంది, కడుపు లోపల, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. తూకం పెరిగినా కండ అదే నిష్పత్తిలో పెరగదు.

ఈ భేదం తెలుగుకు కొత్త కాదు. ‘బిడ్డ పెరిగాడు’ అనే మాటకూ ‘ఒళ్ళు కొవ్వెక్కింది’ అనే మాటకూ మధ్య దూరం ప్రతి తెలుగువాడికీ తెలుసు. రెండవది నిందార్థకం కూడా. తూకంలోని ప్రతి పెంపునూ ‘పెరుగుదల’ అనే ఒకే మాటతో చెప్పినప్పుడు ఈ భేదం కరిగిపోతుంది. ఆ నిందార్థం వల్లే మరో చిక్కు కూడా వస్తుంది. ‘మాంసకృత్తులు’ బలానికి గుర్తుగా నిలిస్తే, ‘కొవ్వు’ తగ్గించుకోవలసిన పదార్థంగా ధ్వనిస్తుంది. శాస్త్రరచయిత ఈ ధ్వనిని గుర్తించి, కొవ్వు చేసే పనిని క్రియాపదాలతో వివరించాలి. శాతాల పట్టిక ఒక్కటే ఆ పని చేయలేదు.

5. ‘కనరు’ అనే మాట విలువ

పచ్చి తవుడు నిల్వ ఉంటే దానిలోని ఎంజైములు నూనెను విడగొడతాయి, గాలి సోకి అది చెడుతుంది. అటువంటి కొవ్వు చేప ఆరోగ్యానికి హానికరం. నూనె తీసిన తవుడు నిల్వకు అనువు కావడానికి ఒక కారణం ఇదే. శాస్త్రం దీనిని ‘ఆక్సీకరణం’ అంటుంది. వంటింటి తెలుగు ఎప్పటినుంచో ‘కనరు’ అంటోంది. మొదటిది ప్రయోగశాలలో తేలే విషయం, రెండవది గోదాములో సంచి విప్పగానే ముక్కుకు తెలిసే విషయం. రెండు పదాలనూ పక్కపక్కన వాడినప్పుడే జ్ఞానం ఉపయోగంలోకి వస్తుంది.

6. ముగింపు

ఆంధ్రప్రదేశ్‌లో చేపల మేత నాణ్యతా నియంత్రణకు 2020లో ప్రత్యేక చట్టం వచ్చింది. నాణ్యత చట్టవిషయమైనప్పుడు సంచిపై ఉన్న మాట రైతు చేతిలో ఆధారమవుతుంది. ఆ మాట అతనికి అర్థం కావాలి. ‘డీఓబీ’ పక్కన ‘నూనె తీసిన తవుడు’, ‘ముడి కొవ్వు’కు బదులు ‘మొత్తం కొవ్వు’, ‘ఆక్సీకరణం’తోపాటు ‘కనరు’ అని వాడడం, పెరగడాన్నీ కొవ్వు పట్టడాన్నీ వేరుగా చెప్పడం ఈ వ్యాసం చేసే సూచనలు. పరిభాషా నిర్మాణమంటే ప్రతిసారీ కొత్త పదాన్ని సృష్టించడం కాదు. ఉన్న పదాన్ని సరైన చోట నిలపడం కూడా పరిభాషా నిర్మాణమే.