వెలగపండు పచ్చడి

వెలగపండు పచ్చడి నేర్పులో సగం, కాయను ఎంచుకోవడంలోనే ఉంది. వినాయక చవితికి పత్రి పక్కన పోసిన కుప్పలోంచి ఒక కాయ తీసి, అలవాటున్న చెయ్యి మూరెడు ఎత్తునుంచి నేలకు వదులుతుంది. ఎగిరిపడితే పచ్చిది, పడ్డచోటే ఆగితే పండింది. పెంకు కత్తికి లొంగదు, రోకలితో ఒక్కటివ్వాల్సిందే. (ఇంట్లో పిల్లలుంటే ఆ పనికి పోటీ తప్పదు.) లోపలి గోధుమరంగు గుజ్జును చెంచాతో గీకి, పీచు ఏరేస్తారు. గింజలు మాత్రం ఉంచుతారు. పంటికింద అవి చిటుక్కుమనకపోతే ఇది వెలగపచ్చడే కాదు. ఇక కాస్త నూనెలో మెంతులు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ. మెంతులు ఎర్రబడగానే దించాలి, ఒక్క క్షణం ఏమరితే చేదు. వేయించినవి ఉప్పుతో ముందు మెదగాలి, ఆ తర్వాతే గుజ్జు, బెల్లం. గుజ్జు ముందే పడితే మిరపకాయ జారిపోతుంది గాని నలగదు. బెల్లం ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు, ఏ పండు పులుపు దానిదే. నూరే ఆవిడ వేలికొసతో నాలుక మీద రాసుకుని, ఇంకో ముక్క వేస్తుంది. తీపి, పులుపు, కారం కలిసినా అడుగున వగరు మిగలాలి. ఆ వగరును చంపేసేంత బెల్లం వేసేవాళ్లతో నాకు పేచీ. చింతపండు అక్కర్లేదు, రంగు అక్కర్లేదు, నిల్వ ఉంచే మందు అసలే వద్దు. వేడన్నంలో నెయ్యి వేసి కలిపితే మరో కూర అడగరు. ఈసారి పాలవెల్లికి కట్టిన వెలగకాయను పత్రితోపాటు నీళ్లలో కలపకండి. పండనిచ్చి, రోట్లో వేయండి.