ఎలుక ఒంట్లో మనిషి ఎంజైము

బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుండే ఎంజైము. సారిన్, సోమన్ లాంటి నాడీవిషాలు, పురుగుమందుల్లోని ఆర్గానోఫాస్ఫేట్లు నరాల దగ్గర పనిచేసే అసిటైల్‌కోలినెస్టరేజ్‌ను చెడగొట్టి ఊపిరి ఆగేలా చేస్తాయి. బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ ఆ విషాన్ని రక్తంలోనే పట్టుకుని, దానితో పాటు తానూ చెడిపోతుంది. విషానికీ ఎంజైముకూ ఒకటికి ఒకటి లెక్క. పైగా విషపు అణువు కన్నా ఎంజైము వందల రెట్లు బరువు. అందుకే మనిషికి రక్షణగా సుమారు 200 మిల్లీగ్రాములు ఎక్కించాలని అంచనా. లీటరు ప్లాస్మాలో సహజంగా ఉండేది 5 మిల్లీగ్రాముల లోపే. అంటే ఒంట్లో ఉన్నదానికి పదింతలకు పైగా బయటి నుంచి చేర్చాలి. అంత చేరిస్తే ఏమవుతుందన్నదే భద్రతా పరీక్షల ప్రశ్న.

ఈ ఎంజైము పుట్టుకతోనే లోపించినవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. తెలుగు ప్రాంతాల్లో వైశ్య కుటుంబాల్లో ఈ లోపం ఎక్కువని మత్తు డాక్టర్లకు తెలుసు. ఆపరేషన్‌లో కండరాలను సడలించడానికి వాడే, ఈ ఎంజైమే విరగ్గొట్టాల్సిన సక్సినైల్‌కోలిన్ ఇస్తే నిమిషాల్లో తిరిగిరావాల్సిన శ్వాస వాళ్లకు గంటల తరబడి రాదు. అది తప్ప ఇబ్బంది లేదు. అయితే లేకపోయినా నష్టం లేదు కదా అని ఎక్కువైనా నష్టం లేదనుకోకూడదు.

ఆ సంగతి తేల్చడానికి అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థ లాంటి చోట్ల మనుషుల ప్లాస్మా నుంచి శుద్ధిచేసిన ఎంజైమును ముందు చిట్టెలుకలకూ గినీ పిగ్‌లకూ ఇచ్చారు. ఇచ్చాక తిండి, బరువు, నడక చూస్తారు. రక్తం తీసి కాలేయం, కిడ్నీల పనితీరు కొలుస్తారు. చివరికి అవయవాలను పలుచని పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెడతారు. ఎంజైము రక్తంలో ఇంకా ఉందో లేదో చెప్పేది 1961 నాటి ఎల్‌మన్ పరీక్ష. గాజు గొట్టంలోని ద్రావణంలో ప్లాస్మా కొద్దిగా కలిపితే పసుపు రంగు తేలుతుంది. ఆ పసుపు ఎంత త్వరగా చిక్కబడితే ఎంజైము అంత ఎక్కువున్నట్టు.

ఇన్ని చూసినా ఎంజైము విషంలా పనిచేసిన దాఖలా పెద్దగా కనిపించలేదు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మనిషి ప్రొటీను ఎలుకకు పరాయిది. మొదటి మోతాదుకు దాని ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, రెండోసారి ఇచ్చినప్పుడు అవి ఎంజైమును త్వరగా తుడిచిపెడతాయి. ఆ ఫలితాన్ని చూసి మనిషికి కూడా మళ్లీ ఇవ్వడం కుదరదనడం తొందరపాటే. మకాక్ కోతుల సొంత ఎంజైమునే తీసి మకాక్‌లకు ఎక్కించినప్పుడు అది రక్తంలో చాలా కాలం నిలిచింది. ఎలుక చూపించే ప్రతికూలత అన్నిసార్లూ మందుదే కాదు, కొన్నిసార్లు ఎలుకదే.

రక్షణను కొలిచేటప్పుడు జంతువు ఎంపిక ఇంకా కీలకం. ఎలుకల ప్లాస్మాలో కార్బాక్సిల్‌ఎస్టరేజ్ పుష్కలం, అది కూడా నాడీవిషాన్ని మింగేస్తుంది. మనిషి ప్లాస్మాలో అది లేదు, కోతుల్లోనూ లేదు. గినీ పిగ్‌లో ఎలుకలకన్నా తక్కువ. కాబట్టి చిట్టెలుక ఎంత బాగా బతికినా ఆ ఘనతంతా ఎక్కించిన ఎంజైముదని రాసుకోకూడదు. గినీ పిగ్ దాటి కోతుల దాకా వెళ్లక తప్పదు. కోతులను వాడటం మీద ఉన్న అభ్యంతరం న్యాయమైనదే, కానీ ఈ ఒక్క మందు విషయంలో ఆ మెట్టుకు బదులు దొరకడం కష్టం.

మనుషులకు సారిన్ ఇచ్చి మందు పనిచేస్తుందో లేదో చూడలేరు. అందుకే 2002లో అమెరికా ఎఫ్‌డీఏ తెచ్చిన జంతు నిబంధన, ఇలాంటి మందుల సామర్థ్యాన్ని జంతువుల్లో రుజువు చేస్తే చాలంటుంది. భద్రతకు మాత్రం ఆ సడలింపు లేదు. ఆరోగ్యవంతులైన వలంటీర్లకు ఎంజైము ఎక్కించి చూడాల్సిందే. ఆ వలంటీర్లకు ఇవ్వబోయే మోతాదును ఎంత నుంచి మొదలుపెట్టాలో, ఏ లక్షణాల కోసం కనిపెట్టుకుని ఉండాలో నిర్ణయించేది జంతువుల నుంచి వచ్చిన లెక్కలే.