కలలోకి వెళ్ళే హక్కు ఎవరిది?

ఇతరుల కలల్లోకి ప్రవేశించడం సైన్స్ ఫిక్షన్ చిత్రాలకు పాత ఇతివృత్తమే. 1984లో వచ్చిన ‘డ్రీమ్‌స్కేప్’లో అమెరికా అధ్యక్షుణ్ణి అతని పీడకలలోనే చంపడానికి పన్నాగం పన్నుతారు. ఆ చిత్రం గురించి అంతకుమించి చెప్పుకోవలసింది లేదు. మీరు శ్రద్ధగా చూడవలసినవి రెండు: జపాన్ దర్శకుడు సతోషి కోన్ తీసిన యానిమేషన్ చిత్రం ‘పాప్రికా’ (2006), క్రిస్టఫర్ నోలన్ తీసిన ‘ఇన్‌సెప్షన్’ (2010).

మీలో ఎక్కువమంది చూసింది రెండోదే అయి ఉంటుంది. అందులో కల ఒక కట్టడం. దానికి అంతస్తులున్నాయి, ముందుగా నమూనా తయారుచేసే ఆర్కిటెక్ట్ ఉంది. పై కలలో వ్యాను పల్టీ కొడితే, దాని కింది కలలో హోటల్ వరండా గిరగిరా తిరుగుతుంది. ఆ పోరాటం కోసం నిజంగానే తిరిగే సెట్ కట్టారు. చూస్తుంటే ముచ్చటేస్తుంది. కానీ ఇంత క్రమశిక్షణ గల కల మీకెప్పుడైనా వచ్చిందా? నా కలల్లో ఇప్పటికీ పరీక్ష హాలు కనిపిస్తుంది; ప్రశ్నపత్రం చేతికి వచ్చేసరికి అది రైల్వే ప్లాట్‌ఫారం అయిపోతుంది.

కోన్‌కు ఈ సంగతి తెలుసు. డిటెక్టివ్ కొనకావా కల సర్కస్‌లో మొదలై, అడవిలోకి, రైల్లోకి జారిపోతుంది. మధ్యలో తలుపులేమీ ఉండవు. ఒక కదలిక ముగియకముందే చుట్టూ ఉన్న లోకం మారిపోతుంది.

అయితే ‘ఇన్‌సెప్షన్’పై నా అసలు అభ్యంతరం శిల్పానికి సంబంధించింది కాదు. కాబ్ ఒకప్పుడు తన భార్య మనసులో ఒక ఆలోచన నాటాడు. అది ఆమె ప్రాణం తీసింది. చిత్రమంతా అతను ఆ అపరాధభావంతోనే కుములుతుంటాడు. అదే కాబ్ ఇప్పుడు ఫిషర్ అనే యువకుడి మనసులో మరో ఆలోచన నాటుతున్నాడు. తండ్రి వ్యాపార సామ్రాజ్యాన్ని ఆ కొడుకు చేతే ముక్కలు చేయించాలన్నది పోటీ వ్యాపారి కోరిక. అందుకోసం చనిపోయిన తండ్రితో ఒక సయోధ్యను కల్పిస్తారు. ఫిషర్ కన్నీళ్ళు నిజమైనవి, వాటి కారణం అబద్ధం. మనం మాత్రం దోపిడీ పథకం ఫలించినందుకు సంతోషిస్తాం. భార్య విషయంలో నేరమైనది ఫిషర్ విషయంలో ఎందుకు కాలేదో నోలన్ అడగడు.

‘పాప్రికా’లో కొనకావా చికిత్స కోసం తానే ఇష్టపడి వస్తాడు. అలాగని ఆ చిత్రం వైద్యులను పూర్తిగా వెనకేసుకు రాదు. డాక్టర్ చిబా ఇంకా అనుమతి లేని యంత్రాన్ని రహస్యంగా వాడుతోంది. ఆ యంత్రం దొంగల చేతిలో పడ్డాక వచ్చే ఒక సన్నివేశం చూడడానికే కష్టంగా ఉంటుంది. ఒసానాయ్ అనే సహోద్యోగి పాప్రికాను సీతాకోకచిలుకలా బల్లకు బిగించి, ఆమె చర్మాన్ని చీల్చి లోపలున్న చిబాను బయటపెడతాడు. మరొకరి మనసులోకి బలవంతంగా దూరడం ఎలాంటిదో కోన్ దాచకుండా చూపించాడు. అక్కడ సాహసం లేదు, దౌర్జన్యమే ఉంది.

ఆ సన్నివేశం చూశాక, ‘ఇన్‌సెప్షన్’ చివర విమానం దిగి వెళ్ళే ఫిషర్ ముఖాన్ని మరొకసారి గమనించండి. మీకేమనిపించిందో ఈ పేజీ అంచులోనే రాసిపెట్టుకోండి.