తిథిని గుణించు విద్య

పంచాంగములోని రాశిఫలములను, ఆదాయవ్యయములను ఆత్రముతో చదువువారు పెక్కురు తిథి కెదురుగా నున్న గడియవిగడియల యంకెలను చూడకయే పుట త్రిప్పుదురు. సిద్ధాంతి విద్య యంతయు నా యంకెలలోనే యున్నది. రాశిచక్రమున సూర్యుడు రోజునకు ఇంచుమించు ఒక భాగ (డిగ్రీ) నడచును. చంద్రుడు 12 మొదలు 15 భాగల వరకు పరుగిడును. వారి నడుమ యెడము 12 భాగలు పెరిగినప్పుడెల్ల నొక తిథి గడచును. ఒకనాటి యుదయమున సూర్యస్ఫుటము, అనగా రాశిచక్రమున సూర్యుని నిజస్థానము, 350 భాగలు, చంద్రస్ఫుటము 128 భాగలు అనుకొందము. చంద్రస్ఫుటమునకు 360 చేర్చి సూర్యస్ఫుటమును తీసివేయగా 138. దానిని 12చే భాగింపగా 11 లబ్ధము, 6 శేషము. అనగా ఏకాదశి ముగిసి శుద్ధద్వాదశి సగము నడచినది. ఆనాటి సూర్యచంద్రుల గతుల యంతరము 12 భాగలైనచో తక్కిన సగమునకు 30 గడియలు పట్టును.

కష్టమంతయు ఆ స్ఫుటములను సాధించుటలో నున్నది. చంద్రుడు భూమికి చేరువైనపుడు వడిగను, దూరమైనపుడు మందముగను నడచుటచే తిథిప్రమాణము నిలుకడగా నుండదు. పూర్వపద్ధతివారు ‘బాణవృద్ధి రసక్షయ’ మని, 60 గడియలపై 5 పెరుగుటను, 6 తగ్గుటను మేరగా చెప్పుదురు. ఆకాశమున కనబడు స్థితులతో సరిచూచు దృగ్గణితమున నది 67 గడియల దాక పెరుగుటయు, 50 దాక తగ్గుటయు కలదు. నేను దృగ్గణిత పక్షపాతిని. ఆకాశమున కనబడు గ్రహణముతో సరిపడని గణితమును, ఎంత ప్రాచీనమైనను, సవరింపవలసినదే.

అంతమాత్రమున పూర్వుల ప్రజ్ఞను తక్కువ చేయగలమా! 1825లో మద్రాసున వెలువడిన ‘కాలసంకలిత’మున వారెన్ దొర వర్ణించిన పుదుచ్చేరి పంచాంగకర్త, కాగితము, కలము ముట్టక, నేలపై గవ్వలు పేర్చుచు, కంఠస్థమైన వాక్యములనుండి ధ్రువాంకములను తీయుచు, ఆ యేటి చంద్రగ్రహణమును గుణింపగా, స్పర్శకాలమున (గ్రహణారంభమున) వచ్చిన భేదము నాలుగు నిమిషములే! మోక్షకాలమున (గ్రహణాంతమున) మాత్ర మది యించుమించు గంటకు పెరిగినది. ఇట్టి యంతరములను దిద్దుటకే కేరళదేశమున పరమేశ్వరుడు ఏబదియైదేండ్లు గ్రహణములను పరికించి 1431లో ‘దృగ్గణిత’ మను గ్రంథమును రచించెను. మన వేంగీదేశమున మల్లికార్జునసూరి పండ్రెండవ శతాబ్దముననే సూర్యసిద్ధాంతమునకు తెలుగున వ్యాఖ్య వ్రాసెను. అట్టి వారసత్వము మనది.

ఇక మాసగణనము. అమావాస్యతో ముగియు మన చాంద్రమాసమున రవిసంక్రాంతి (సూర్యుడు రాశి మారుట) లేకున్న నది యధికము. రెండు సంక్రాంతులు పడిన క్షయము. 354 దినముల చాంద్రవర్షము సౌరవర్షముకంటె ఏటేట 11 దినములు వెనుకబడగా, 19 ఏండ్లలో వచ్చు 7 అధికమాసము లా లోటును పూరించును. 2023లో శ్రావణ మధికమై రాగా, వరలక్ష్మీవ్రతమును నిజశ్రావణము దాక ఆపి ఆగస్టు 25న జరుపుకొంటిమి. క్షయమాసము మిక్కిలి యరుదు. 1963-64లో వచ్చినది, పిమ్మట 1982-83లో వచ్చినది.

తిథి గుణించినంతనే పండుగ నిర్ణయము కాదు. శ్రీరామనవమికి మధ్యాహ్నమున, దీపావళికి ప్రదోషమున, మహాశివరాత్రికి అర్ధరాత్రమున తిథి వ్యాపించి యుండవలెను. గణితముతోడు ధర్మసింధు, నిర్ణయసింధువులను ధర్మశాస్త్రగ్రంథములు కూడ చేతనున్నవాడే దీనిని తేల్చగలడు.

నేడు జరుగుచున్నదేమి? ఒకరు రాత్రింబవళ్లు గుణించినదానిని మరియొకరు అచ్చుతప్పులతో సహా ఎత్తి వ్రాసి, ముఖపత్రమున దేవతాచిత్ర మొకటి వేసి, అంగడి ప్రకటనలతో ఊరూర పంచుచున్నారు! తిథ్యంత మొకే క్షణమున జరిగినను, విశాఖపట్టణమున సూర్యోదయము హైదరాబాదుకంటె ఇరువది నిమిషములకు అటునిటుగా ముందగును. ఆ నడిమికాలమున తిథి ముగిసినచో రెండు నగరములకు ఉదయతిథులే వేఱు. అట్లుండగా హైదరాబాదునకు కట్టిన పంచాంగమును చికాగోలోని తెలుగువారు తేదీ మార్చకయే అనుసరింపుడని పంపుట యెంతటి యపచారము! ఏకాదశి గడచిన పిదప ఉపవసించు భక్తునికి ఎవరు సమాధానము చెప్పుదురు? అంకె యెట్లు వచ్చినదో యెఱుగనివాడు సిద్ధాంతి యని సంతకము చేయుట నాకు సహింపరానిది.

గుణించువాడు కొన్ని రూపాయల పారితోషికముతో పస్తుండగా, ఎత్తివ్రాయువాడు వేలప్రతు లమ్ముకొనుచున్నాడు. కావున పంచాంగము కొనువారెల్లరు ఏ ఊరి యుదయమునకు, ఏ పద్ధతిని, ఎవరు గుణించిరో ముందుగా చూచి, ఆ మూడింటిలో నొకటి లేకున్నను దానిని కొనక, శిష్యులకు స్ఫుటములు నేర్పుచున్న సిద్ధాంతి చేతిపంచాంగమునే అడిగి తెప్పించుకొనవలెనని నా ప్రార్థన.